పది కాళ్ళ పిట్టకు హాజరు

నాగపూర్‌లో ఒక హోటల్ హాలు. గోడంత తెర మీద ఆ పిట్ట లేచి నిలబడేసరికి జనం ఈలలు వేశారు. ఒళ్ళంతా రాగిరంగు, కంటి మీద తెల్లటి గీత, రెక్కల కిందినుంచి సన్నగా పొడుగ్గా వేలాడే పది కాళ్ళు. నల్లటి నీళ్ళలో తేలే ఆకుల మీద, ఒక్క ఆకు కూడా మునగకుండా నడిచి వచ్చి, చూస్తున్నవాళ్ళ వైపు మెడ తిప్పి కన్నార్పింది. ఫోన్‌లో ఆడే కొత్త ఆట ఒకటి ఆ రోజు విడుదలవుతోంది. ఆటలోని వింత జీవులన్నిటికీ ఈ పిట్టే రాజు.

మైకు పట్టుకున్న అమ్మాయి స్టూడియో యజమాని సుకుమార్‌ను అడిగింది, ఇంత విచిత్రమైన ప్రాణి మీ ఊహలోకి ఎలా వచ్చింది సార్ అని. సుకుమార్ గుండె మీద చెయ్యి వేసుకుని, "ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే కనబడింది" అన్నాడు.

చిట్టచివరి వరసలో, సమోసాల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న జెస్లిన్ అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఆ పిట్టను గీసింది ఆమె. ఆ పిట్టనే కాదు, ఆ ఆటలోని ఇరవైమూడు జీవులను గీసింది ఆమె. తెర మీద పేర్లు కింది నుంచి పైకి పాకుతుంటే పళ్ళెం పక్కన పెట్టి నిటారుగా కూర్చుంది. సుకుమార్ పేరు మూడుసార్లు వచ్చింది. సంగీతం చేసినవాళ్ళు వచ్చారు, గొంతులిచ్చినవాళ్ళు వచ్చారు, భోజనాల ఏర్పాటు చూసినవాళ్ళు కూడా వచ్చారు. తర్వాత తెర నల్లబడింది.

సాయంత్రానికి చంద్రపూర్ బస్సెక్కింది. అక్కడి బొగ్గుగని కాలనీ లాల్‌పేట్‌లో, ఇంటి గడపలో తల్లి సువార్త ఎదురుచూస్తోంది.

"నీ పేరు వేసిండ్రా బిడ్డా?"

"వేసిండ్రమ్మా."

"ఎంత పెద్దగ?"

జెస్లిన్ రెండు చేతులూ బార్లా చాపింది. "గింత పెద్దగ."

లోపల మంచం మీదినుంచి తండ్రి సిలువయ్య దగ్గు మధ్యలో అడిగాడు. "తెలుగుల వేసిండ్రా?"

"ఇంగ్లీషుల బాపూ."

"పోనీ తియ్. ఏదైతేంది, పడ్డది గద."

పడలేదని ఆమె చెప్పలేదు. సుకుమార్ పరాయివాడు కాదు. ఆదివారం చర్చిలో, తెలుగు ఆరాధనలో తన ముందు వరసలో కూర్చుని పెరిగినవాడు. డిగ్రీ చేసి ఇంట్లో ఊరికే కూర్చున్న రోజుల్లో, "చెల్లె, నీ చేతిల విద్య ఉన్నది" అని పని ఇచ్చినవాడు. ఆ ఒక్క మాట చాలదా నోరు మూసుకోవడానికి? మన ఇళ్ళలో ఆడపిల్లలకు ముందుగా నేర్పే చదువు అదే. జెస్లిన్ అందులో మొదటి శ్రేణిలో పాసైంది.

ఇది రెండేళ్ళ కిందటి మాట.

*

లాల్‌పేట్ క్వార్టర్లు దాటి, పాత రైలుపట్టాల వెనక్కి నడిస్తే ఒక నీటిమడుగు వస్తుంది. దాన్ని అక్కడి తెలుగువాళ్ళు కుంగుకుంట అంటారు. ఎవరూ తవ్వింది కాదు. కింద బొగ్గు తీసి వదిలేసిన పాత గని పైన నేల కుంగి, గనినీళ్ళు ఊరి, ఏడాది పొడుగునా ఎండని మడుగు అయింది. తామరలు వాటంతట అవే మొలిచాయి. పిట్టలూ వాటంతట అవే వచ్చాయి.

ఆ కుంట కిందే సిలువయ్య పద్దెనిమిదేళ్ళు బొగ్గు ఎత్తాడు. మంచిర్యాల వైపునుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. ఒకరోజు పైకప్పు విరిగిపడి కాలు నలిగితే, తేలిక పని అని ల్యాంపు రూములో వేశారు. గనిలోకి దిగేవాళ్ళకు తలదీపాలు ఇవ్వడం, హాజరు రాయడం. రిటైరయ్యేదాకా అదే పని. ఊపిరితిత్తుల్లో దుమ్ము, చేతిలో ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు: ఆయన ఇంటికి తెచ్చుకున్నవి ఈ రెండే.

తెల్లవారగానే ఊపిరాడక ఆయనకు ఇంట్లో పడుకోబుద్ధి కాదు. కూతురిని తోడు తీసుకుని కుంట గట్టుకు పోయేవాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ఫ్లాస్కు చాయ్. ఊరికే కూర్చోలేక జెస్లిన్ పిట్టలను గీయడం మొదలుపెట్టింది. ఊరికే కూర్చోలేక ఆయన వాటికి హాజరు వేయడం మొదలుపెట్టాడు.

నిజంగానే హాజరు. ఆమె తన కాగితం అడుగున రెండు వేళ్ళ వెడల్పు వదిలేది, ఆయన అందులో రాసేవాడు:

"17-8-2021, మంగళవారం, ఫస్ట్ షిఫ్ట్. కుంగుకుంట తూర్పు గట్టు. తామరకోడి మగది ఒకటి, పిల్లలు నాలుగు, హాజరు. పాముమెడ పిట్ట గైర్హాజరు. గీసింది జెస్లిన్. చూసింది సిలువయ్య."

జెస్లిన్‌కు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఆమె చదివింది మరాఠీ బడిలో. చర్చిలో పాటలు కూడా దేవనాగరి లిపిలో రాసుకుని పాడుతుంది. తండ్రి ఏం రాశాడో ఆయన చదివి వినిపిస్తేనే తెలిసేది. "నిన్న రాలేదు, ఇయ్యాల వచ్చింది నత్తకొంగ. సగం పూట కోత వెయ్యాలె దీనికి" అని ఆయన నవ్వితే, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది.

పది కాళ్ళ పిట్ట పుట్టింది ఆ మంగళవారమే. తామరాకుల మీద నడుస్తున్న పిట్టకు పది కాళ్ళు కనబడితే జెస్లిన్ పెన్సిల్ జారవిడిచింది. "బాపూ, దయ్యం!"

సిలువయ్య చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూశాడు. "దయ్యం గాదు, తండ్రి. గద్ద వచ్చినట్టున్నది. పిల్లగాండ్లను రెక్కల కింద ఇరికిచ్చుకున్నడు. రెండు ఆయనవి, ఎనిమిది వాళ్ళయి. లెక్క సరిపోయింది. రాస్కో."

తామరకోళ్ళలో పిల్లలను సాకేది మగదేనని ఆమె అప్పుడే తెలుసుకుంది. గుడ్లు పెట్టి ఆడది తన దారిన పోతుంది. ఎండకూ గద్దకూ అడ్డం నిలబడేది తండ్రి. ఆ ఉదయం ఆమె ఆ పిట్టను ముందు ఉన్నది ఉన్నట్టు గీసింది. పక్క కాగితం మీద పిల్లలను తీసేసి, కాళ్ళను మాత్రం ఉంచేసింది. ఆట రాజు తయారయ్యాడు.

ఆమె పద్ధతే అది. సుకుమార్ కంప్యూటర్లో దొరికే పులితల, గబ్బిలం రెక్కలు అతికించి జీవిని చెయ్యమనేవాడు. ఆమెకు అది వచ్చేది కాదు. తీతువుకు గూడు ఉండదు, ఉత్త నేల మీద రాళ్ళ మధ్య గుడ్డు పెడుతుంది, గుడ్డూ రాయిలాగే ఉంటుంది, మనిషి దగ్గరకొస్తే నెత్తి మీద తిరుగుతూ అరిచి గోల పెడుతుంది. అందులోంచి ఆమె వీపంతా రాళ్ళగుట్టగా, గొంతులో గని సైరను ఉన్న కాపలా మృగాన్ని తీసింది. దానికి భోంగా అని పేరు పెట్టింది. లాల్‌పేట్‌లో సైరన్‌ను అలాగే అంటారు. నత్తలు తినే కొంగకు ముక్కు మూసినా నడుమ సందు మిగులుతుంది. ఆ సందులో ఆమె ఒక తలదీపం వెలిగించింది. ఒళ్ళు నీళ్ళలో దాచి మెడ ఒక్కటే పైకి పెట్టే పాముమెడ పిట్టను, నీళ్ళు నిండిన పాత గనుల్లో దారి చూపే జీవిని చేసింది.

"ఉన్నదానికి ముందు హాజరు వెయ్ బిడ్డా. లేనిది తర్వాత పుట్టియ్యచ్చు" అనేవాడు సిలువయ్య.

ఆరేళ్ళలో మూడువందల నలభై కాగితాలు అయ్యాయి. ఆట పని ముగిసినప్పుడు సుకుమార్ ఫోన్ చేసి, "పాత స్కెచ్‌లు గూడ స్కాన్ చేసి పంపు చెల్లె, కంపెనీవాళ్ళు అడుగుతున్నరు" అన్నాడు. స్కాన్ మాత్రమే అడిగాడు. కాగితాలనే కట్టగట్టి పంపింది వీళ్ళు.

పంపమన్నది సిలువయ్య. ముప్ఫై ఏళ్ళ గని అలవాటు. పని ముగిసి పైకి వచ్చినవాడు తలదీపం అప్పజెప్పకుండా గేటు దాటకూడదు. "పనిల వాడింది ఇంట్ల ఉంచుకోవద్దు. ఇజ్జత్ కాదు" అని ఆయనే జనపతాడుతో మూడు కట్టలు కట్టాడు. సువార్త మాత్రం గొణిగింది. "గంత కష్టపడి గీసింది గద, ఒక్కటన్న ఉంచుకోరాదు?"

"నువ్వూకో. దొంగ పేరొస్తది పిల్లకు."

మూడు కట్టలూ నాగపూర్ బస్సెక్కాయి. హోటల్ హాలు నుంచి వచ్చాక జెస్లిన్ మళ్ళీ పెన్సిల్ పట్టలేదు.

*

ఈ ఏడు ఫిబ్రవరిలో కుంగుకుంట గట్టున ఒక ఇనుపబోర్డు పాతారు. ఒక ప్రైవేటు బొగ్గు డిపో అక్కడ యార్డు పెడుతుందట. కుంటను మట్టితో పూడ్చి చదును చేస్తారట. అభ్యంతరాలుంటే మార్చి మొదటి వారంలో జన్‌సునావణీకి, అంటే జనం మాట వినే సభకు, వచ్చి చెప్పుకోవచ్చట.

డిపో ఇచ్చిన రిపోర్టు మరాఠీలో ఉంది. జెస్లిన్ తండ్రికి తెలుగులో చెప్పింది. "ఇది వానకాలం నీళ్ళు నిలిచే గుంతట బాపూ. చెప్పుకోదగ్గ పిట్టలు ఏమీ నమోదు కాలేదట."

"నమోదు కాలేదా?" అన్నాడు సిలువయ్య. "నమోదు కాలేదా? మరి నేనేం చేసిన ఆరేండ్లు?"

ఆయన బతుకులో హాజరు అంటే చిన్న విషయం కాదు. హాజరు లేనివాడు గనిలో చచ్చినా గనిలో చచ్చినట్టు కాదు. అది ఆయన కళ్ళారా చూశాడు. సమ్మన్న అని ఆయన జోడీదారు ఒకడు, ఠేకేదారు కూలీ, అంటే కాంట్రాక్టరు మనిషి, పేరు రాయకుండానే లోపలికి దించితే శవమై పైకి వచ్చాడు. అతని భార్యకు ఆఫీసులో చెప్పిన మాట ఇదే: నమోదు కాలేదు.

సభ రోజు తండ్రీకూతుళ్ళు పోయారు. రెండువందల కుర్చీలు వేశారు. ముందు వరసలన్నీ డిపోలో పని దొరుకుతుందన్న ఆశతో వచ్చినవాళ్ళవి. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఖాళీ చేతులతో ఊళ్ళో తిరిగేవాడికి యార్డు అంటే రేపటి అన్నం. టిప్పర్ డ్రైవర్ రాజన్న, రెండిళ్ళ అవతల ఉండేవాడు, వీళ్ళను చూసి పలకరించాడు.

"ఏంది సిలువన్నా, నువ్వు గూడ డిపోల నౌకరి అడగనొచ్చినవా?"

"పిట్టల గురించి చెప్పనొచ్చినం."

"పిట్టలా? మాకే లేవు, వాటికి కావాల్నా క్వార్టర్లు?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

జెస్లిన్ వంతు వచ్చింది. ఆమె చేతిలో ఏముంది? ఫోన్లో నాలుగు ఫొటోలు. పిట్టలు నల్లచుక్కల్లా ఉన్నాయి. ఇంకొకటి, రెండేళ్ళ కింద హోటల్ హాల్లో పంచిన ఆట పోస్టరు. రాత్రంతా ఆలోచించి అదే తీసుకొచ్చింది. ఒక హాలు నిండా జనం లేచి ఈల వేసిన పిట్టను ఎవరు కాదంటారు? అది ఈ కుంటలోంచే వచ్చిందని చెబితే చాలదా?

మడతలు విప్పి పోస్టరు ఎత్తి పట్టుకుంది.

బల్ల వెనక కూర్చున్న అధికారి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "దహా పాయ్?" అన్నాడు. పది కాళ్ళా?

హాలు పగలబడింది. రాజన్న తొడ చరుచుకుని నవ్వాడు. జెస్లిన్ మరాఠీలోనే చెప్పింది: రెండు కాళ్ళు తండ్రివి సార్, ఎనిమిది పిల్లలవి, నిజంగా ఉంది సార్, ఆగస్టులో చూశాం సార్. అధికారి చెడ్డవాడు కాదు. నవ్వు ఆపుకుని మర్యాదగానే అడిగాడు. తేదీ ఉన్న ఆధారం ఏదైనా ఉందా? స్థలం రాసి, చూసినవాళ్ళ సంతకం ఉన్నది? ఈ పోస్టరు మీద వేరేవాళ్ళ పేరు ఉంది కదా, మీ పేరు ఎక్కడుంది?

ఆమె పోస్టరు వైపు చూసింది, అక్కడేదో కొత్తగా పడి ఉంటుందన్నట్టు.

"నెలాఖరు వరకు టైముంది. రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నాడు అధికారి. "తేదీలుంటే తప్పకుండా చూస్తాం."

తేదీలున్నాయి. మూడువందల నలభై తేదీలు. నాగపూర్‌లో.

*

మరునాడు పొద్దున్నే జెస్లిన్ బస్సెక్కింది. సుకుమార్ స్టూడియో ఇప్పుడు పెద్దదైంది. అద్దాల గోడ మీద పది కాళ్ళ పిట్ట నిలువెత్తున ఉంది. దాని ముందునుంచి నడిచి లోపలికి పోయింది.

"వందనాలు అన్నా."

"వందనాలు చెల్లె! రా రా, కూర్చో. బాపు మంచిగున్నడా? అమ్మ?" సుకుమార్ నిజంగానే సంతోషపడ్డాడు. చాయ్ తెప్పించాడు. సంగతంతా విన్నాడు. "అయ్యో, గదేంది, గంతే గద! అన్నీ ఉన్నయి. మా దగ్గర పోయేదేం లేదు. పెన్‌డ్రైవ్‌ల ఏసిస్తా."

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది ఆమెకు. అతను కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. మూడువందల నలభై బొమ్మలు, వరసగా, శుభ్రంగా. నత్తకొంగ. తీతువు. పాముమెడ పిట్ట రెక్కలు ఆరబెట్టుకుంటూ. తామరకోడి, నాలుగు పిల్లలతో.

కాళ్ళ దగ్గరికే బొమ్మ ఆగిపోయింది.

"అన్నా, కింద రాసి ఉండె గద?"

"ఏంది?"

"కింద బాపు రాసిండు. తారీకులు, పేర్లు."

"ఓ, ఆ తెలుగు గీతలా?" సుకుమార్ తేలిగ్గా నవ్వాడు. "అవి ఉంటే స్కాన్ నీట్‌గ రాలేదు చెల్లె. మా పిల్లలకు ఎవ్వలకు చదవరాదు, నాకే సరిగ రాదు. కట్టర్‌తోటి కోసేసి స్కాన్ చేసినం. అన్నీ ఒక్క తీరుగ వచ్చినయి చూడు."

"కోసిన ముక్కలు?"

అతను ఆమె మొహం చూశాడు. ఏదో జరగరానిది జరిగిందని అప్పుడే అర్థమైంది అతనికి. "ఆఫీసు మారినప్పుడు చిత్తుకాయితాల రద్దీకి పోయినయి. కాయితాలన్నీ పోయినయి. గవి గంత అక్కరొస్తయని... నువ్వన్న చెప్పక పోతివి."

"నువ్వు రాసియ్యి అన్నా. ఈ బొమ్మలు జెస్లిన్ కుంగుకుంట కాడ గీసింది, తారీకులు ఉండె, మేమే కోసినం అని. సంతకం పెట్టియ్యి. చాలు."

సుకుమార్ చాయ్ కప్పు కింద పెట్టాడు. లేచి అద్దాల తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"గట్ల రాస్తే బొమ్మలు నావి గావని రాసినట్టే గద చెల్లె. కంపెనీతో అగ్రిమెంటున్నది. రేపు రెండో ఆట రావాలె. నలభై మంది బతుకుతున్నరు ఈడ." గొంతు తగ్గించాడు. "రెండో ఆటల నీ పేరు వేయిస్తా. ప్రభువు తోడు. గానీ ఈ లొల్లిల నన్ను పెట్టకు."

రెండేళ్ళు ఆమె ఎదురుచూసిన మాట అది. ఆ మాట వచ్చిన రోజు ఆమెకు దానితో పని లేకుండా పోయింది. పెన్‌డ్రైవ్ తీసుకుంది. వందనాలు చెప్పి వచ్చేసింది. బస్సులో, చంద్రపూర్ దగ్గరి భద్రావతి దాటేదాకా ఏడవలేదు.

*

ఇంట్లో చెప్పక తప్పలేదు. కోసేసిన పట్టీల సంగతి చెప్పింది. సంతకం పెట్టనన్నాడని చెప్పింది.

"ఎందుకు పెట్టడు?" అన్నాడు సిలువయ్య. "నీ పేరు వేసిండంటివి గద తెర మీద? గింత పెద్దగ?"

జెస్లిన్ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. సువార్త కూతురి వైపు ఒకసారి చూసి, పొయ్యి దగ్గరికి పోయి, వెలుగుతున్న స్టౌను ఊరికే కట్టేసింది.

సిలువయ్యకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. దగ్గు తగ్గేదాకా ఆగి, నెమ్మదిగా అన్నాడు.

"లోపలికి దిగేటోడు తన నంబరు బిళ్ళ నాకిచ్చి దీపం తీస్కపోతుండె. పైకొచ్చినంక దీపం నాకిచ్చి, బిళ్ళ వాపసు తీస్కుంటుండె. బిళ్ళ నా బోర్డు మీద్నే ఉన్నదంటే ఆ మనిషి ఇంక లోపల్నే ఉన్నట్టు. నేను నీకు దీపం సంగతి చెప్పిన. బిళ్ళ సంగతి చెప్పలే. తప్పు నాది బిడ్డా."

"లేదు బాపూ..."

"నువ్వు దీపం ఇచ్చినవ్, బిళ్ళ తీస్కోలే. రెండేండ్ల సంది లోపల్నే ఉన్నవ్."



తెల్లారి మళ్ళీ గట్టుకు పోయారు. పోవడం తప్ప ఇంకేం తోచలేదు. కుర్చీ, ఫ్లాస్కు, కొత్త కాగితాల కట్ట. గడువుకు మూడు వారాలు. మొదటి కాగితం అడుగున జెస్లిన్ ఈసారి తానే రాస్తానంది. తండ్రి చెబుతుంటే, తెలుగును మరాఠీ అక్షరాల్లో, తేదీ, చోటు, హాజరు. చివర తన పేరు. అంతా రాసి, పేరు కింద ఒక గీత గీసింది.

కాని తామరకోడి పిల్లలు చేసేది వానల్లో. గడువు ముగిసేది ఎండల్లో. పది కాళ్ళ పిట్ట ఈ మూడు వారాల్లో ఎంత కాచుకుని కూర్చున్నా కనబడదు. అది నిజమని రుజువు చెయ్యాలంటే కుంట ఆగస్టు దాకా బతకాలి. కుంట ఆగస్టు దాకా బతకాలంటే అది నిజమని ఇప్పుడే రుజువు చెయ్యాలి. ఈ చట్టాలు రాసినవాళ్ళెవరికీ పిట్టలు ఎప్పుడు గుడ్లు పెడతాయో తెలియనట్టుంది. లేదా బాగా తెలిసే రాశారో.

మార్చి మూడో వారంలో, గడువు ఇంకా ఉండగానే, "దారి చదును" పేరుతో మట్టి టిప్పర్లు రావడం మొదలైంది. తూర్పు గట్టు మీద తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. నాలుగూ నాలుగు రాళ్ళలాగే ఉన్నాయి. రెండడుగుల దూరంలో నిలబడినా కనబడవు, టిప్పర్ ఎత్తులోంచి అసలే కనబడవు. మొదటి టిప్పర్ వెనక్కి తిరిగి మట్టి పోయబోతుంటే తీతువు జంట దాని అద్దం మీదికి దూకి దూకి అరిచింది. సిలువయ్య కుర్చీ ఎత్తుకుని, కుంటుతూ పోయి, గుడ్ల పక్కన వేసుకుని కూర్చున్నాడు.

టిప్పర్‌లోంచి రాజన్న తల బయటపెట్టాడు. "జరుగే సిలువన్నా! పిచ్చి లేసిందా?"

"హాజరు రాస్తున్న. ఈడ నలుగురున్నరు."

"ఎవ్వలు?"

"కిందికి దిగి చూడు."

రాజన్న దిగాడు. కాళ్ళ ముందు ఏముందో తెలియక వెతికాడు. జెస్లిన్ వేలు చూపించాక, ఠక్కున ఒక అడుగు వెనక్కి వేశాడు. తీతువు అతని నెత్తి మీదుగా రివ్వున పోయింది. అతను నెత్తికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సభలో నవ్వినవాడు ఇప్పుడు నవ్వలేదు.

"నేను ఇయ్యాల ఆ పక్కకు పోస్తా. రేపు నా చేతుల లేదు పిల్లా. నేను గాకపోతే ఇంకోడొస్తడు."

"పేరు రాయి రాజన్న మామా," అంది జెస్లిన్ కాగితం చాపి. "గుడ్లు చూసిన అని. తారీకేసి సంతకం పెట్టు."

అతను ఆ కాగితాన్నీ, ఆగి ఉన్న టిప్పర్‌నూ చూశాడు. సంతకం పెడితే రేపు స్టీరింగు ఉంటుందా? ఆమెకూ తెలుసు అది. చాలాసేపటికి పెన్ను తీసుకుని ఒక్క అక్షరం వేశాడు, 'రా'. మిగతాది వెయ్యలేదు. పెన్ను ఇచ్చేసి బండెక్కాడు.

సగం పేరు. ఆమె ఆ కాగితాన్ని కూడా దాచింది.

ఇది రాసేసరికి గడువుకు ఎనిమిది రోజులు మిగిలాయి. తూర్పు గట్టున గుడ్లు ఇంకా ఉన్నాయి, కుర్చీ ఉంది, కుర్చీలో ఊపిరి అందని ముసలాయన ఉన్నాడు. పడమటి గట్టు లేదు. జెస్లిన్ దగ్గర పద్నాలుగు రోజుల హాజరు, తేదీల్లేని మూడువందల నలభై బొమ్మలు, ఒక సగం సంతకం ఉన్నాయి. బల్ల వెనక కూర్చున్నవాళ్ళకు ఇవి చాలవని ఆమెకు తెలుసు.

అందుకే మిమ్మల్ని అడగడం. మీరు లాల్‌పేట్‌లో ఉన్నా, పద్మాపూర్ గనికి ఆ దారిన పోయినా, విరూర్ నుంచి వచ్చి చుట్టాలింట్లో నాలుగు రోజులున్నా, ఎప్పుడైనా కుంగుకుంట దగ్గర ఆగి ఒక్క పిట్టను చూసి ఉంటే, ఫోన్లో వెతకండి. పెళ్ళి ఫొటో వెనకాల, పిల్లల ఫొటో మూలన, నీళ్ళ మీద ఒక కొంగ పడి ఉండవచ్చు. తేదీ రాయండి. చోటు రాయండి. ఏ భాషలో వస్తే ఆ భాషలో రాసి, కింద మీ పేరు పూర్తిగా రాసి నెలాఖరులోగా సభ నడిపిన ఆ అధికారి బల్ల మీదికి చేర్చండి. ఫొటో లేకపోతే చూశామని రాయండి.

ఆ కుంటను ఎన్నడూ చూడనివాళ్ళయితే, మీ ఇంటి వెనక ఒక గుంత ఉంటుంది. రేపు పొద్దున ఒక కాగితం, ఒక పెన్సిల్ పట్టుకుని అక్కడికి పోండి. వచ్చిన పిట్టకు హాజరు వేయండి. మీ గీత వంకరగా వచ్చినా ఫరవాలేదు, కింద రెండు వేళ్ళ పట్టీ మాత్రం వదలండి, అందులో మీ పేరు ఉండనివ్వండి. ఎవరు ఎంత ప్రేమగా అడిగినా, ఆ పట్టీ ఉన్న కాగితాన్ని చేతిలోంచి వదలకండి.